విమానము విడిచిన నేల

గత సంవత్సరము మా కళాశాలలో జరిగిన వక్తృత్వపు పోటీకి న్యాయనిర్ణేతలుగా ముగ్గురము కూర్చున్నాము. విషయమును నిర్ణయించినవాడు భౌతికశాస్త్రము బోధించు ఒక యువ సహోద్యోగి. "ఊరి విమానాశ్రయపు భూమిలో క్రీడాప్రాంగణము నిర్మింపవచ్చునా?" అని ఆయన నల్లబల్లపై వ్రాయగానే, మన ఊరికి విమానాశ్రయమే లేదు గదా అని వెనుక బల్లలలో నవ్వులు లేచినవి. అయినను పదునలుగురు విద్యార్థులు పేర్లిచ్చినారు.

అనుకూలముగా మాటలాడినవారు యువశక్తిని గురించియు, ఒలింపిక్ పతకములను గురించియు చెప్పినారు. ప్రతికూలముగా మాటలాడినవారు పుష్పకవిమానముతో మొదలుపెట్టి, వేగమే నాగరికత అని ముగించినారు. పద్యములు దొర్లినవి, చప్పట్లు మ్రోగినవి. ఒక్కరును ఒక ఊరి పేరు చెప్పలేదు, ఒక ఎకరము లెక్క చెప్పలేదు. చివరి వంతు బి.ఏ. రెండవ సంవత్సరపు అమ్మాయిది. ఆమె వేదిక ఎక్కి, "ఇంతకూ ఆ నేల ఎవరిదండీ? ఇప్పుడు దానిని ఎవరు వాడుకొంటున్నారు? అది తెలియనిదే నేను ఏ పక్షమూ మాట్లాడలేను" అని, మరి నాలుగు ప్రశ్నలు వేసి దిగిపోయినది. ఏదో ఒక పక్షము వహింపవలెనను నియమమును ఉల్లంఘించినదని ఆమెకు తక్కువ మార్కులు వేసితిమి. ఆ అంకెలలో నాది కూడ ఉన్నది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మన తర్కశాస్త్రమున పూర్వపక్షమనునది ఒకటి ఉన్నది. ఎదుటివాని వాదమును అతనికంటె బలముగా చెప్పి, ఆ పిమ్మట తన సిద్ధాంతమును స్థాపించుట మన పూర్వుల పద్ధతి. ఎదుటివాని వాదమేమో తెలియవలెనన్నచో ముందు అడుగవలెను. అడిగిన పిల్లను శిక్షించి, అడుగని వానికి వెండి కప్పు ఇచ్చితిమి. తరువాత కొన్ని వారములు నేనే ఆ ప్రశ్నలు పట్టుకొని గ్రంథాలయముచుట్టు తిరిగితిని. తెలిసినంతవరకు ఇక్కడ చెప్పుచున్నాను. ఉపాధ్యాయ మిత్రులకు తరగతిలో పనికిరావచ్చును.

కెనడా దేశమున ఆల్బర్టా రాష్ట్రమునకు రాజధాని ఎడ్మంటన్. ఆ దేశములో పురపాలక విమానాశ్రయమునకు మొట్టమొదటి అనుమతిపత్రము పొందిన నగరము అదియే. అది 1926 నాటి మాట. అప్పటి మేయరు కెనెత్ బ్లాచ్‌ఫర్డ్ పేరు దానికి పెట్టినారు. ఆ కాలమున అక్కడివారు దానిని 'గగనపు రేవు' అను అర్థము వచ్చు పేరుతో పిలిచెడివారు. మనము మాత్రము ఆశ్రయమన్నాము. రేవు అన్నచో వచ్చిపోవు చోటు, ఆశ్రయమన్నచో తలదాచుకొను చోటు. ఈ రెండు మాటలలో ఏది ఒప్పునో ఆ నేల కథ విన్న పిమ్మట పాఠకులే నిర్ణయింపవచ్చును.

1928 డిసెంబరు చివర ఎడ్మంటనుకు ఉత్తరమున వందల మైళ్ల దూరములో, ఫోర్ట్ వెర్మిలియన్ ప్రాంతమున, మనవారు కంఠసర్పి అను డిఫ్తీరియా పొడసూపినది. పిల్లల గొంతులలో పొర పట్టి ఊపిరి ఆడనీయని రోగమది. మందు పంపవలెను. నేలంతయు మంచు. ఆ దూరమున బండ్లు చేరుసరికి రోగము ఊరిని చుట్టివేయును. 1929 జనవరి 2వ తేదీన వాప్ మే, విక్ హార్నర్ అను ఇరువురు వైమానికులు, పైకప్పు లేని చిన్న ఏవ్రో విమానములో, మందును కంబళ్లలో చుట్టి, గడ్డకట్టకుండ బొగ్గు కుంపటి ప్రక్కన పెట్టుకొని ఆ పురపాలక మైదానము నుండి లేచినారు. మందు చేరినది. జనవరి 6వ తేదీన వారు తిరిగివచ్చునప్పటికి వేలకొలది జనము ఆ మంచులో నిలిచి ఎదురుచూచుచున్నారట. ఒక ఊరు తన నేలను ప్రేమించుట ఇట్లే ఆరంభమగును. ఎకరము విలువ లెక్కవేయువారి పుస్తకములో దీనికి పద్దు లేదు.

1931లో ప్రపంచమును చుట్టివచ్చుచున్న వైలీ పోస్ట్, హెరాల్డ్ గాటీలు అక్కడ దిగినప్పుడు వానవలన మైదానము బురదయై విమానము లేవలేకపోయినది. నగరమువారు ప్రక్కనున్న పోర్టేజ్ వీథిలో తీగెలు తొలగించి, ఆ వీథినుండియే విమానమును లేవనిచ్చినారు. రెండవ ప్రపంచ యుద్ధములో అలాస్కాకు, అక్కడినుండి రష్యాకు పోవు యుద్ధవిమానములకు ఆ నేలయే మజిలీ అయినది. ఇంతటి చరిత్ర గల నేల అది.

1960లో నగరమునకు దక్షిణముగా, సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమున పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయము వచ్చినది. ఒక ఊరికి రెండు విమానాశ్రయములు. ఒకటి వీథి చివర, ఒకటి పొలముల నడుమ. దగ్గరిది సుఖము, దూరపుది విశాలము. ఈ జగడమును తీర్చుటకు ఓట్లు వేయించినారు. 1992లో ప్రజలు పాతదానిని నిలుపుమన్నారు. 1995లో ప్రయాణికుల విమానములన్నియు క్రొత్తదానికే పోవలెనని పెద్ద మెజారిటీతో చెప్పినారు. మూడేండ్లలో మనస్సు మారినది. జనవాక్యమును కర్తవ్యమనుకొనువారు ఇది ఏ సంవత్సరపు జనవాక్యమో కూడ చెప్పవలెను!

తరువాత ఆ పాత నేలపై చిన్న విమానములు, శిక్షణ విమానములు, ముఖ్యముగా ఉత్తర ప్రాంతముల నుండి రోగులను తెచ్చు విమానములు మిగిలినవి. ఆటయు వచ్చినది. 2005 మొదలు 2012 వరకు ఏటేట కార్ల పందెములను ఆ విమానపు బాటలపైననే నడిపినారు. మేడ లేదు, గోడ లేదు. పందెము ముగియగానే తాత్కాలికపు మెట్లు ఎత్తివేసెడివారు, బాట మరల విమానములదగును. విమానాశ్రయపు నేలపై ఆట అనగానే ఇటుకలు పేర్చుటయే అనుకొనువారికి ఇది ఒక జవాబు.

2009 జూలైలో పురపాలక సంఘము విమానాశ్రయమును క్రమముగా మూసివేయుటకు తీర్మానించినది. మూయవలెనన్నవారి పూర్వపక్షమును బలముగానే చెప్పెదను. నగర మధ్యమున అంతటి భూమి మరెక్కడ దొరకును? అది సుమారు 217 హెక్టార్లు, మన లెక్కన 530 ఎకరములకు మించినది. విమానములు దిగు మార్గమునకు అడ్డు రాగూడదని నగరకేంద్రములో సుమారు 150 మీటర్లకంటె ఎత్తు కట్టడములను నిషేధించియుండిరి. కొద్ది విమానములకొరకు నగరమంతయు తల వంచుకొని బ్రతుకవలెనా అని వారి ప్రశ్న. విమానాశ్రయము మూతపడిన పిమ్మట అక్కడ 250 మీటర్ల భవనము లేచినది గనుక ఆ వాదము వట్టిది కాదు.

ఈ ఎత్తు లెక్క విద్యార్థులకు తెలియవలసినది. విమానపు బాట చివరనుండి ఆకాశములోనికి వాలుగా ఒక పలక పరచినట్లు ఊహించుకొనుడు. పెద్ద విమానాశ్రయములకు ఆ పలక 50 మీటర్లు ముందుకు పోయినచో 1 మీటరు మాత్రమే లేచును. అనగా కిలోమీటరు దూరమున అది నేలకు సుమారు 20 మీటర్ల ఎత్తున మాత్రమే ఉండును. ఆ పలకను ఏ మేడయు, ఏ స్తంభమును పొడుచుకొని పోరాదు. రాత్రిపోటీలకు నిలుపు దీపస్తంభములు దానిని అవలీలగా మించును. కాబట్టి విమానములు తిరుగుచుండగనే ప్రక్కన క్రీడాభవనము కట్టుదమను మాట చాలచోట్ల వినుటకు మాత్రమే బాగుండును. రెంటిలో ఒకటి తప్పుకొనవలసినదే. మా పోటీలో "రెండును ఉండవచ్చును" అని మధురముగా చెప్పిన కుర్రవానికి రెండవ బహుమతి వచ్చినది.

ఇక మూయరాదన్నవారి మాట. ఆ విమానాశ్రయమునకు అతి సమీపమున పెద్ద ఆసుపత్రి ఉన్నది. ఉత్తరమున మారుమూల పల్లెలో గుండెనొప్పి వచ్చినవానిని, ప్రసవము కష్టమైన తల్లిని విమానములో తెచ్చి నిమిషములలో ఆసుపత్రికి చేర్చెడివారు. దానిని ముప్పది కిలోమీటర్ల దూరమునకు మార్చినచో ఆ నిమిషములు ఎవరివి? నగరమున ఓటు గలవానివి కావు. ఎక్కడనో మంచులో ఉన్నవానివి. 1929లో మందు తీసికొనిపోయిన నేల, ఎనుబది యేండ్ల పిమ్మటకూడ ఆ ఉత్తరపు జనమునకే ఆశ్రయమై యున్నది. మా అమ్మాయి అడిగిన "ఎవరు వాడుకొంటున్నారు?" అను ప్రశ్నకు అసలైన జవాబు ఇది. నేల కాగితముపై నగరముది. దాని ఉపయోగము కాగితమున లేనివారిది.

మూయరాదన్నవారు వేలకొలది సంతకములు సేకరించి, 2010 ఎన్నికలతోపాటు ఈ విషయముపై ఓటు పెట్టుమని కోరినారు. ఆ వినతి నిబంధనల ప్రకారము చెల్లదని త్రోసివేసినారు. మూసివేతను సమర్థించిన మేయరు స్టీఫెన్ మాండెల్ ఆ ఎన్నికలో మరల గెలిచినాడు. రోగుల విమానములు 2013 మార్చిలో దూరపు విమానాశ్రయమునకు మారినవి, అక్కడ వారికొరకు ప్రత్యేకముగా కట్టడము ఏర్పరచినారు. 2013 నవంబరు 30వ తేదీన పాత రేవు శాశ్వతముగా మూతపడినది.

సరిగా ఆ సంవత్సరములలోనే ఆ నగరము మరియొక వాదములో మునిగియున్నది. అది మంచుహాకీ ఆడుటకు క్రొత్త క్రీడాభవనమును గురించినది. ప్రజల ధనమెంత, జట్టు యజమాని ధనమెంత అని ఏండ్ల తరబడి కొట్లాడి, కడకు నగరకేంద్రమున కట్టినారు. 2016 సెప్టెంబరులో అది తెరువబడినది. విమానాశ్రయపు నేలపై ఇండ్లు లేచుచున్నవి. ముప్పదివేలమంది నివసింపగలరని ప్రణాళిక. భూగర్భపు వేడిమితో ఇండ్లను వెచ్చబరచు ఏర్పాటు చేసినారు. మొదటి కుటుంబములు 2020లో గాని రాలేదు. మూసివేసిన ఏడేండ్లకు. నేలను ఖాళీ చేయించినంత త్వరగా నింపుట ఎవరి తరము?

నిజముగా విమానాశ్రయపు నేలపై క్రీడాప్రాంగణము చూడవలెనన్నచో హాంకాంగ్ పోవలెను. అక్కడి కైటాక్ పేరులో ఇరువురు వ్యాపారుల పేర్లు దాగియున్నవి. కై, టాక్ అనువారు సముద్రమును పూడ్చి ఉద్యానపురము కట్టుదమని బయలుదేరి నష్టపోగా, ఆ నేల విమానములకు దక్కినది. 1925 నుండి అక్కడ విమానము ఎగురుచుండెను. 1958లో సముద్రములోనికి వ్రేలివలె చొచ్చుకొనిపోవు బాటను నిర్మించినారు. కొండపై చదరంగపు గళ్లవలె రంగులు వేసి, ఆ గుర్తు కనబడగానే వైమానికుడు కుడికి తిరిగి, మిద్దెల కప్పులకు కొంచెము ఎత్తుగా వచ్చి దిగవలెను. 1998 జూలై 6వ తేదీన అది మూతపడి, రాత్రికి రాత్రి సామగ్రియంతయు చెక్ లాప్ కాక్ అను క్రొత్తచోటికి తరలిపోయినది.

రాత్రికి రాత్రి ఖాళీయైన ఆ నేలపై క్రీడాప్రాంగణము తెరువబడినది ఎప్పుడని అనుకొనుచున్నారు? 2025 మార్చి 1న. ఇరువది ఆరేండ్లు దాటినవి. ఆ విమానాశ్రయమున చివరి విమానమును చూచిన పిల్లవాడు తన పిల్లల చేయి పట్టుకొని ఆ ప్రాంగణమునకు వచ్చియుండవచ్చును. ఎందుకింత ఆలస్యము? మొదటి ప్రణాళికలో సముద్రమును ఇంకను పూడ్చవలెనని ఉండెను. రేవును కాపాడు చట్టమును గూర్చి 2004లో అత్యున్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పుతో ఆ ప్రణాళికను చించి, పూడ్చుట లేకుండ మరియొకటి వ్రాయవలసివచ్చినది. నేలలో దశాబ్దములుగా ఇంకిన ఇంధనమును తొలగించి శుద్ధిచేయవలసి వచ్చినది. త్రవ్వుచుండగా 2008లో పూర్వకాలపు లుంగ్ ట్సున్ రాతివంతెన బయటపడినది. దానిని కాపాడవలెను. బల్లపరుపు నేల గదా, రేపే కట్టవచ్చునని ఉపన్యసించువారు ఈ జాబితాను ఒకమారు చదువవలెను.

అన్నిటికంటె పెద్ద చిక్కు ఇండ్లది. హాంకాంగులో సామాన్యునికి ఇల్లు దొరకుట గగనకుసుమము. మంచము వేసికొను జాగాలో సంసారము చేయువారున్న నగరమున ఆటకు ఇంత నేలయా అని అడిగినవారున్నారు. అడుగదగినదే. ప్రభుత్వము ఆ పాత విమానాశ్రయములో కొంత భాగమున ప్రజాగృహములు కట్టినది, ఆసుపత్రి కట్టినది, ఓడప్రయాణికుల రేవు కట్టినది. 28 హెక్టార్లు మాత్రము ఆటకు ఉంచినది. సుమారు 3,000 కోట్ల హాంకాంగ్ డాలర్ల వ్యయముతో 50,000 మంది కూర్చుండు ప్రధాన ప్రాంగణము, 10,000 మందికి లోపలి క్రీడాశాల, 5,000 మందికి యువకుల మైదానము లేచినవి. ప్రధాన ప్రాంగణపు కప్పు తెరచి మూయవచ్చును. అక్కడ ఏటేట జరుగు రగ్బీ ఉత్సవము 2025 నుండి దానిలోనికి వచ్చినది.

ఈ మూడు అంకెలలో నాకు నచ్చినది చిన్నది. క్రీడాప్రాంగణము వేరు, ఆటస్థలము వేరు. మొదటిదానిలో ముప్పదిమంది ఆడుదురు, ఏబదివేలమంది చూతురు. రెండవదానిలో ఎవడు వచ్చిన వాడే ఆడును. మన వక్తలందరును 'క్రీడాభివృద్ధి' అని మొదటిదానిని చూపి రెండవదాని పుణ్యమును దానికి కట్టబెట్టినారు. ప్రాంగణములు వలదని నా మతము కాదు. దానికొరకు ఆటస్థలమును మ్రింగినపుడు మాత్రము లాభనష్టములు సరిగా వ్రాయవలెనందును.

బెర్లిన్ నగరప్రజలు ఈ భేదమును చక్కగా గ్రహించినట్లు తోచును. 1948-49లో దిగ్బంధములో చిక్కిన పడమటి బెర్లినుకు ఆహారము, బొగ్గు ఆకాశమార్గమున వచ్చినప్పుడు టెంపెల్‌హోఫ్ విమానాశ్రయమే వారి ప్రాణము. అది 2008 అక్టోబరులో మూతపడినది. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో దానిని నిలుపుటకై ఓటు జరిగెను. వేసినవారిలో ఎక్కువమంది నిలుపుమన్నను, కావలసినంతమంది ఓటువేయనందున ఆ మాట చెల్లలేదు. 2010లో ఆ మైదానమును ప్రజలకు తెరచినారు. అంచులవెంబడి ఇండ్లు, ఒక పెద్ద గ్రంథాలయము కట్టుదమని ప్రభుత్వము ముందుకు రాగా, 2014 మే 25న ప్రజలు ఓటు వేసి వలదన్నారు. నూటికి 64 మంది. గ్రంథాలయమును సయితము వలదన్నారే అని తెలుగు పంతులనగు నా మనస్సు చివుక్కుమన్నది. నేడు ఆ బాటలపై పిల్లలు చక్రముల బూట్లతో జారుదురు, గాలిపటములు ఎగురవేయుదురు. గడ్డిలో భరతపక్షులు గూళ్లు పెట్టును. ఒక్క టిక్కెట్టు లేదు.

మనవద్ద పోలిక కావలెనన్నచో హైదరాబాదున్నది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేట నుండి శంషాబాదుకు తరలిపోయినను ఆ నేలను ముక్కలు చేయలేదు. వాయుసేనకు, ప్రముఖుల రాకపోకలకు, విమాన ప్రదర్శనలకు ఉపయోగపడుచున్నది. నేడు లాల్ బహాదుర్ పేరుతోనున్న క్రీడాప్రాంగణపు నేల ఫతే మైదానము. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలు సైన్యము విడిసిన చోటు. డేరాల క్రింది గడ్డి బంతుల క్రిందికి వచ్చుటకు శతాబ్దములు పట్టినది. ఎవరును ఓటు వేయలేదు, ఎవరును సంతకము పెట్టలేదు.

ఇదంతయు చదివిన పిమ్మట నా తీర్పు ఏమందురా? ఎడ్మంటనులో నేను ఉన్నచో మొదట రోగుల విమానములకు క్రొత్తచోట ఏర్పాటు పూర్తిగా చూపిన తరువాతనే మూతకు సమ్మతింతును. హాంకాంగులో ఇండ్లకే ఎక్కువ భాగము ఇత్తును, యువకుల మైదానమును మాత్రము ముట్టనీయను. బెర్లిన్ వారితో నాకు తగవు లేదు, గ్రంథాలయము విషయము తప్ప. ఒకే ప్రశ్నకు మూడు ఊళ్లలో మూడు జవాబులు వచ్చినవని ఎవరైన ఆక్షేపించినచో, ప్రశ్న ఒకటి కాదని నా సమాధానము. నేల వేరు, దానిపై ఆధారపడినవారు వేరు.

మా కళాశాలకును ఒక మైదానము ఉన్నది. ఉండెడిది అనుట సత్యమునకు దగ్గర. కొన్నేండ్ల క్రిందట తూర్పు సగమున ఒక భవనము వచ్చినది. అది అవసరమో కాదో పిల్లలను అడిగినవారు లేరు, ఉపాధ్యాయులను అడిగినవారును లేరు. మేమును అడుగలేదు. మిగిలిన పడమటి సగములో ఖోఖో స్తంభములు నాటినచో వాలీబాలుకు చోటు చాలదు. ఇప్పుడు ఆ సగములో కప్పుగల క్రీడాశాల కట్టుదమని ప్రతిపాదన వచ్చినది. ఈ సంవత్సరపు పోటీకి విషయమును నిర్ణయింపుమని నన్నే కోరినారు. నేను అదే వ్రాసి పంపితిని. పక్షము వహింపవలెనను నియమమును కొట్టివేసి, ప్రశ్నలు వేసినవారికిని మార్కులుండునని క్రింద చేర్చితిని. సహోద్యోగులు కొంత నవ్వినారు, కొంత గొణిగినారు.

నిన్న సాయంకాలము ఆ అమ్మాయి ఆచార్యుల గది గుమ్మమున నిలిచినది. ఇప్పుడు మూడవ సంవత్సరము, ఖోఖో జట్టు నాయకురాలు. పేరు వ్రాయించుకొనుటకు వచ్చినదనుకొని కలము తీసితిని.

"పేరు తరవాత ఇస్తాను మాష్టారూ. ముందు ఆ పడమటి సగం కొలవాలి. పి.డి. గారి గదిలో టేపు ఉందట, మీరొక చీటీ రాసి ఇప్పిస్తారా?" అన్నది.

చీటీ వ్రాసి ఇచ్చితిని. టేపు రెండవ కొస పట్టుకొనుటకు మనిషి కావలెనని, నేనును వెంట నడచితిని.